డ్రమ్ముల వెనుక నుంచి వినిపించిన గళం: కారెన్ కార్పెంటర్

కారెన్ కార్పెంటర్ పేరు చెప్పగానే సంగీతప్రియులకు ముందు గుర్తుకు వచ్చేది ఆమె గొంతు. మంద్రస్థాయిలో, ఏ తొందరా లేకుండా, చెవి పక్కన కూర్చుని మాట్లాడుతున్నట్లు సాగే గొంతు అది. ఆమె మాత్రం జీవితాంతం తనను పాడటం కూడా తెలిసిన డ్రమ్మరుగానే భావించుకున్నారు. ప్రపంచం ఆమెను చూడదలచుకున్న చోటు వేదిక ముందుభాగం. ఆమె కూర్చోదలచుకున్న చోటు డ్రమ్ముల వెనుక.

అన్న రిచర్డ్‌తో కలిసి 'కార్పెంటర్స్' పేరిట 1969 నుంచి ఆమె చేసిన రికార్డులు అమెరికాలోనూ, బ్రిటన్‌లోనూ, జపాన్‌లోనూ ఇంటింటా వినిపించాయి. సాఫ్ట్ రాక్ అనే మృదువైన సంగీతశైలికి ఈ జంట ఒక కొండగుర్తు. 1983 ఫిబ్రవరి 4న, 33వ పుట్టినరోజుకు నెల రోజులు కూడా లేనప్పుడు, కారెన్ మరణించారు. ఆమెను బలిగొన్న వ్యాధి పేరు అనొరెక్సియా నెర్వోసా. ఆ పేరును అంతకుముందు ఎన్నడూ వినని లక్షలాది మంది అమెరికన్లు ఆ వారమే మొదటిసారి విన్నారు.

డౌనీలో మొదలైన వాద్యబృందం

కారెన్ 1950 మార్చి 2న అమెరికా ఈశాన్యప్రాంతంలోని కనెక్టికట్ రాష్ట్రం, న్యూహేవెన్ నగరంలో జన్మించారు. తండ్రి హెరాల్డ్ ముద్రణ రంగంలో పనిచేసేవారు. తల్లి ఆగ్నెస్. రిచర్డ్ ఆమె కంటే మూడేళ్లకు పైగా పెద్ద. తండ్రి సేకరించిన గ్రామఫోను రికార్డులే ఆ పిల్లల తొలి సంగీతపాఠశాల. రిచర్డ్ చిన్ననాడే పియానో మీద అసాధారణమైన ప్రతిభ చూపడంతో ఇంటి ఆశలన్నీ అతని చుట్టూ అల్లుకున్నాయి. 1963లో కుటుంబం ఖండం ఆ కొసకు, కాలిఫోర్నియాలోని డౌనీ పట్టణానికి తరలి వెళ్లడానికి కారణాలలో అతని సంగీత భవిష్యత్తు ఒకటి. కారెన్‌కు అప్పటికి బేస్‌బాల్ ఆట మీద మక్కువ. సంగీతం అన్నయ్య వ్యవహారం.

డౌనీ ఉన్నత పాఠశాలలో వ్యాయామ తరగతి తప్పించుకునే దారిగా ఆమె పాఠశాల బ్యాండులో చేరారు. చేతికి ఇచ్చింది గ్లాకెన్‌స్పీల్ అనే లోహపు పలకల వాద్యం. అది ఆమెకు ఏమాత్రం నచ్చలేదు. అదే బ్యాండులో డ్రమ్ములు వాయించే ఒక సహవిద్యార్థిని చూసి, తనకూ అదే కావాలని పట్టుబట్టారు. ఆడపిల్లలు డ్రమ్ములు వాయించడం ఆ రోజుల్లో అలవాటు లేని సంగతి. ఇంట్లో ఎత్తుపీటలను డ్రమ్ములుగా అమర్చుకుని, చాప్‌స్టిక్స్‌తో వాటిపై లయ పట్టడం సాధన చేశారు. కొద్ది కాలంలోనే తల్లిదండ్రులు లుడ్విగ్ కంపెనీ డ్రమ్ముల సెట్టు కొనిపెట్టారు. జాజ్ సంగీతంలో విషమతాళాలను అలవోకగా వాయించిన జో మొరెల్లో ఆమెకు ఆదర్శం. గాయని కావాలన్న ఆలోచన ఆమెకు అప్పటికి ఉన్నట్లు కనిపించదు.

1965లో రిచర్డ్ పియానో, కారెన్ డ్రమ్ములు, మిత్రుడు వెస్ జేకబ్స్ బాస్, ట్యూబా వాద్యాలతో ఒక జాజ్ త్రయం ఏర్పడింది. మరుసటి ఏడాది హాలీవుడ్ బౌల్ రంగస్థలం మీద జరిగిన వాద్యబృందాల పోటీలో వారే గెలిచారు. ఆర్‌సీఏ సంస్థ వారిచేత కొన్ని రికార్డింగులు చేయించింది గానీ ఒక్కటీ విడుదల చేయలేదు. ఆ 1966లోనే బాస్ గిటారు కళాకారుడు జో ఆస్బోర్న్ తన గ్యారేజీ స్టూడియోలో 16 ఏళ్ల కారెన్ గొంతు విన్నారు. తన చిన్న రికార్డు సంస్థ మ్యాజిక్ ల్యాంప్ తరఫున ఆమె పేరుతో ఒక సింగిల్ తీసుకువచ్చారు. కొన్ని వందల ప్రతులు మాత్రమే అచ్చయిన ఆ రికార్డు ఈనాడు సేకర్తలకు అపురూపం. లాంగ్‌బీచ్‌లోని కాలిఫోర్నియా స్టేట్ కళాశాలలో బృందగాన శిక్షకుడు ఫ్రాంక్ పూలర్ ఆ గొంతుకు మరికొంత సానపట్టారు.

1969 ఏప్రిల్‌లో ఏ అండ్ ఎం రికార్డ్స్ అధిపతుల్లో ఒకరైన హెర్బ్ ఆల్పర్ట్ ఈ అన్నాచెల్లెళ్ల నమూనా టేపు విని ఒప్పందం చేసుకున్నారు. కారెన్ వయసు అప్పటికి 19. ఒప్పందం మీద ఆమె తరఫున తల్లిదండ్రులు కూడా సంతకం చేయవలసి వచ్చింది. హాలీవుడ్‌లో ఆ సంస్థ కార్యాలయం ఒకప్పటి చార్లీ చాప్లిన్ స్టూడియో. ఆ ఏడాది వెలువడిన తొలి ఆల్బం 'ఆఫరింగ్' అంతగా అమ్ముడుపోలేదు. బీటిల్స్ బృందపు 'టికెట్ టు రైడ్' పాటను నెమ్మదింపజేసి, విషాదగీతంగా మార్చి పాడిన ట్రాక్ మాత్రం పట్టికలో 54వ స్థానం దాకా చేరింది. ఆ ఆల్బంలో డ్రమ్ములు కారెన్‌వే.

నాప్కిన్ మీద రాసుకున్న పాట

దశ తిరిగింది 1970లో. బర్ట్ బకరాక్, హాల్ డేవిడ్ కలిసి కట్టిన 'క్లోజ్ టు యూ' అప్పటికి కొన్నేళ్ల నాటి పాట. ఇతర గాయకులు పాడినా పెద్దగా పేరు రాలేదు. ఆల్పర్ట్ దానిని రిచర్డ్ చేతిలో పెట్టారు. రిచర్డ్ దానికి కొత్త నడక ఇచ్చారు. ఆ జూలైలో అది అమెరికా పాటల పట్టికలో మొదటి స్థానానికి చేరి 4 వారాలు నిలిచింది. అయితే ఆ రికార్డులో డ్రమ్ములు వాయించింది కారెన్ కాదు. ఆల్పర్ట్ సూచన మేరకు స్టూడియో కళాకారుడు హాల్ బ్లెయిన్‌ను పిలిపించారు. అక్కడి నుంచి చాలా రికార్డులలో అదే ఆనవాయితీ అయింది. మొదటి పెద్ద విజయంతోనే ఆమె చేతిలోని కర్రలు మరొకరి చేతికి వెళ్లడం మొదలైందన్నమాట.

తర్వాతి పాట పుట్టుక వింతగా ఉంటుంది. కాలిఫోర్నియాలోని క్రాకర్ సిటిజన్స్ బ్యాంకు కొత్త దంపతులను ఆకట్టుకోవడానికి టీవీలో ఒక ప్రకటన ఇచ్చేది. అందులో వినిపించే బాణీ రిచర్డ్‌ను పట్టేసింది. పాడుతున్నది తమ సంస్థకే పాటలు రాసే పాల్ విలియమ్స్ అని గొంతును బట్టి పోల్చుకుని, పాట పూర్తిగా ఉందా అని ఆయననే అడిగారు. విలియమ్స్, రోజర్ నికల్స్ రూపొందించిన ఆ ప్రకటనగీతమే 'వియ్‌వ్ ఓన్లీ జస్ట్ బిగన్'. పట్టికలో రెండవ స్థానానికి చేరిన ఆ పాట ఒక తరం అమెరికన్ పెళ్లిళ్లలో తప్పనిసరి గీతమైంది. 1971 గ్రామీ వేడుకలో ఈ జంటకు ఉత్తమ నూతన కళాకారుల పురస్కారంతో పాటు మరొకటి లభించింది. మరుసటి ఏడాది మూడవది వచ్చింది.

వారి రికార్డింగు పద్ధతి గురించి కొంత చెప్పుకోవాలి. చిన్నతనంలో రిచర్డ్ విన్న లెస్ పాల్, మేరీ ఫోర్డ్ దంపతుల రికార్డులలో ఒకే గొంతును పలుమార్లు ముద్రించి, పొరలు పొరలుగా పేర్చే పనితనం ఉండేది. కార్పెంటర్స్ పాటల వెనుక వినిపించే వృందగానం కూడా అలా కట్టిందే. ఏ గాయకబృందమూ అక్కడ లేదు. అన్నాచెల్లెళ్లిద్దరే వేర్వేరు స్వరాలలో మళ్లీ మళ్లీ పాడి, టేపు మీద టేపు పేర్చి, రెండు గొంతులను డజనుగా పెంచేవారు. ఒకే ఇంట్లో పెరిగిన గొంతులు గనుక ఉచ్చారణ, ఊపిరి, పదాన్ని ముగించే తీరు అతుకు తెలియనట్లు కలిసిపోయేవి. ఆ వృందం మీద కారెన్ ప్రధానగళం ఒంటరిగా, మైకుకు బాగా దగ్గరగా వచ్చేది. ఆమె స్థాయి ఎంత కిందికి దిగితే గొంతు అంత నిండుగా పలికేది. రిచర్డ్ ఆ సంగతి తొందరగా గ్రహించి, పాటల శ్రుతిని ఆమె మంద్రానికి తగినట్లు ఎంచుకునేవారు. నిజం చెప్పాలంటే ఈ జంట సాధించినదంతా ఆ నిర్ణయం మీద నిలబడింది.

'సూపర్‌స్టార్' రికార్డింగు ఇందుకు మంచి ఉదాహరణ. లియాన్ రసెల్, బానీ బ్రామ్లెట్ రాసిన పాట అది. ఒక రాత్రి టీవీలో బెట్ మిడ్లర్ పాడగా రిచర్డ్ విన్నారు. కారెన్‌కు మొదట ఆ పాట నచ్చలేదు. స్టూడియోలో రిచర్డ్ ఒక పేపర్ నాప్కిన్ మీద గీకి ఇచ్చిన సాహిత్యాన్ని చూస్తూ, వాద్యకారులకు దారి చూపడం కోసం ఒకసారి పాడారు. ఆ మొదటి పాటనే రికార్డులో ఉంచేశారు. సంగీతకారుడి కోసం ఎదురుచూసే ఒక అభిమాని వేదన అందులోని విషయం. 21 ఏళ్ల యువతి, కాగితం చూసి చదువుతూ, అంత ఏకాకితనాన్ని ఎక్కడి నుంచి తెచ్చిందో వినేవారికి అంతుపట్టదు. ఆ పాట 1971లో రెండవ స్థానానికి చేరింది.

1972 నాటి 'గుడ్‌బై టు లవ్' మరో మలుపు. రిచర్డ్, జాన్ బెటిస్ రాసిన ఈ నెమ్మదైన ప్రేమగీతం మధ్యలో టోనీ పెలూసో అనే యువకుడి చేత బొంగురు ధ్వని గల ఎలక్ట్రిక్ గిటారు వాయింపజేశారు. మృదుగీతంలో ఇంత కరకుదనమా అంటూ కొందరు అభిమానులు కోపంగా ఉత్తరాలు రాశారు. కొద్ది సంవత్సరాలలో అటువంటి గిటారు ప్రతి రాక్ ప్రేమగీతంలోనూ ఆచారమైపోయింది. పెలూసో వారి బృందంలోనే స్థిరపడ్డారు.

1973 నాటి ఆల్బం 'నౌ అండ్ దెన్'లో కారెన్ ఒక్క పాట మినహా మిగిలిన వాటన్నిటికీ తానే డ్రమ్ములు వాయించారు. రిచర్డ్, బెటిస్ రాసిన 'యస్టర్‌డే వన్స్ మోర్' అందులోదే. రేడియోలో తనకు ఇష్టమైన పాట ఎప్పుడు వస్తుందా అని ఎదురుచూసిన బాల్యాన్ని తలచుకునే పాట అది. రేడియో శ్రోత మీద రాసిన పాట రేడియో ద్వారానే ఖండాంతరాలు దాటింది. ఆ ఏడాది చివర 'టాప్ ఆఫ్ ద వరల్డ్' మొదటి స్థానానికి చేరింది. అప్పటిదాకా వచ్చిన పాటలను కూర్చిన 'ద సింగిల్స్ 1969–1973' సంపుటి బ్రిటన్‌లో మొత్తం 17 వారాలు అగ్రస్థానంలో ఉంది.

ఇంత ఆదరణ ఉన్నా రాక్ విమర్శకులు వారిని దయతలచలేదు. వియత్నాం యుద్ధకాలంలో, తిరుగుబాటు సంగీతానికి గౌరవం దక్కే రోజుల్లో, దువ్విన జుట్టుతో, ఇస్త్రీ దుస్తులతో ప్రేమగీతాలు పాడేవారు కాలానికి ఎదురీదినట్లు కనిపించారు. 1973లో అధ్యక్షుడు నిక్సన్ శ్వేతసౌధంలో పశ్చిమ జర్మనీ చాన్సలర్ విల్లీ బ్రాంట్ గౌరవార్థం వారిచేత కచేరీ చేయించి, అమెరికన్ యువతకు ఆదర్శంగా కొనియాడటం ఆ ముద్రను మరింత గట్టిపరచింది. అన్నాచెల్లెళ్లు ఆ ముద్రను ఇష్టపడలేదు. రికార్డు సంస్థ అట్టల మీద వేసిన తియ్యటి ఫొటోలను కూడా రిచర్డ్ అసహ్యించుకున్నారు.

వేదిక ముందుకు

కారెన్ ఎత్తు తక్కువ. డ్రమ్ముల వెనుక కూర్చుంటే ప్రేక్షకులకు ఆమె సరిగా కనిపించేవారు కాదు. పాడుతున్నది ఎవరో వెతుక్కోవలసి వస్తున్నదని విమర్శకులు రాశారు. ముందుకు రావాలని నిర్వాహకులు ఒత్తిడి చేశారు. రిచర్డ్ కూడా అదే మాట అన్నారు. ఆమె చాలాకాలం ప్రతిఘటించారు. చివరికి రాజీ కుదిరింది. నెమ్మదైన పాటలకు మైకు ముందు నిలబడటం, కొన్ని వేగమైన పాటలకు మాత్రం డ్రమ్ముల దగ్గరకు వెళ్లడం. కాలక్రమంలో ఆ రెండవది తగ్గుతూ వచ్చింది. 1975లో ప్లేబాయ్ పత్రిక పాఠకుల ఓటింగులో ఉత్తమ డ్రమ్మరుగా ఆమె లెడ్ జెప్లిన్ బృందానికి చెందిన జాన్ బోనమ్‌ను దాటి నిలిచారు. 1976 నాటి టీవీ కార్యక్రమంలో స్టూడియో నిండా పరచిన డ్రమ్ముల మధ్య పరుగులు తీస్తూ వాయించిన ఘట్టాన్ని చూస్తే ఆమె ముఖంలోని ఆనందం దాచినా దాగదు.

డ్రమ్ముల వెనుక నుంచి లేచి రావడం వల్లనే ఆమె జబ్బుపడ్డారని చెప్పడం తేలిక. అంత సూటి లెక్క నిజమని నేను అనుకోను. అనొరెక్సియాకు ఒకే కారణం ఉండదని వైద్యశాస్త్రం చెబుతుంది. శరీరం గురించిన ఆందోళన, పరిపూర్ణత కోసం పాకులాట, జీవితంలో తన చేతిలో ఉన్నది ఇదొక్కటే అన్న భావన కలగలిసి మనిషిని ఆహారానికి దూరం చేసే తీవ్రమైన మానసిక వ్యాధి అది. అందం కోసం చేసే ఉపవాసం కాదు. ఏడాదిలో ఎక్కువ రోజులు ఊరూరా కచేరీలు, మిగిలిన రోజులు స్టూడియో, ఇరవై దాటినా తల్లిదండ్రుల ఇంట్లోనే నివాసం. ఇవన్నీ ఆమె పరిస్థితిలో భాగాలు. డౌనీలో పెట్టుబడిగా కొన్న రెండు అపార్టుమెంటు భవనాలకు తమ తొలి రెండు పెద్ద పాటల పేర్లు పెట్టినంత సంపద ఉన్నా, తనకంటూ వేరే ఇంటికి ఆమె మారింది 1976లో.

1975 శరత్కాలం నాటికి ఆమె ఎంత చిక్కిపోయారంటే, రంగస్థలం మీదకు రాగానే ప్రేక్షకులు ఉలిక్కిపడేవారు. టికెట్లన్నీ అమ్ముడుపోయిన బ్రిటన్ యాత్ర, జపాన్ యాత్ర రద్దయ్యాయి. అలసట అని ప్రకటించారు. అనొరెక్సియా నెర్వోసా అనే పేరును 1870లలోనే లండన్ వైద్యుడు విలియం గల్ ప్రచారంలోకి తెచ్చినా, ఒక శతాబ్దం తర్వాత కూడా అది వైద్యగ్రంథాలు దాటి రాలేదు. చుట్టూ ఉన్నవారికి తినమని చెప్పడం తప్ప మరొకటి తెలియదు.

ఆ ఏడాది తొలినాళ్లలో 'ప్లీజ్ మిస్టర్ పోస్ట్‌మన్' మొదటి స్థానానికి చేరింది. అక్కడికి వారికి అగ్రస్థానాలు ముగిశాయి. 1976లో వచ్చిన 'ఐ నీడ్ టు బీ ఇన్ లవ్' కారెన్‌కు తన పాటలన్నిటిలో ప్రియమైనదని రిచర్డ్ తర్వాత చెప్పారు. అమెరికాలో అది సామాన్యంగానే ఆడింది. 1977 నాటి 'పాసేజ్' ఆల్బంలో గ్రహాంతరవాసులను పిలిచే పాట దాకా ప్రయోగాలు చేశారు.

న్యూయార్క్‌లో తన రికార్డు

నిద్రమాత్రలకు అలవాటుపడిన రిచర్డ్ 1979 ఆరంభంలో చికిత్స కోసం టొపీకా నగరంలో చేరారు. పని లేకుండా ఉండటం కారెన్‌కు చేతకాలేదు. బిల్లీ జోయెల్ రికార్డులు రూపొందించిన ఫిల్ రామోన్‌తో సొంత ఆల్బం చేయడానికి న్యూయార్క్ వెళ్లారు. కుటుంబం, సంస్థ, అన్న ఎవరూ పక్కన లేకుండా ఆమె పాటలు ఎంచుకోవడం అదే మొదలు. డిస్కో ఛాయలున్న పాటలు, యౌవనపు కోరికను దాచని పాటలు, పాల్ సైమన్ పాట ఒకటి అందులో ఉన్నాయి. కొన్నిచోట్ల అలవాటైన మంద్రాన్ని విడిచి పైస్థాయిలో, తేలికగా పాడారు. సంస్థ పెట్టిన డబ్బు చాలక తన డబ్బూ ఖర్చుపెట్టారు.

1980లో ఆ రికార్డింగులను ఏ అండ్ ఎం పెద్దలకూ, రిచర్డ్‌కూ వినిపించారు. ఎవరికీ నచ్చలేదు. ఆల్బంను పక్కన పెట్టారు. అన్నతో కొత్త ఆల్బం చేయడం కోసం ఆమే మానుకున్నారన్నది బయటికి చెప్పిన మాట. అన్ని పాటలూ గొప్పవని వాదించలేము. కొన్ని ఆ కాలపు వాసన కొడతాయి. అయినా వాటిని విడుదల చేసి, బాగున్నాయో లేవో శ్రోతలకు వదిలివేస్తే పోయేది ఏమీ లేదు.

ఆ ఆగస్టులోనే ఆమె ఒక గృహనిర్మాణ వ్యాపారిని వివాహమాడారు. ఆ సంసారం ఏడాది పైచిలుకు కూడా సజావుగా సాగలేదు. 1981లో కార్పెంటర్స్ ఆల్బం 'మేడ్ ఇన్ అమెరికా' వచ్చింది. మరుసటి ఏడాది ఆమె తన జబ్బును తానే ఒప్పుకుని, న్యూయార్క్‌లో స్టీవెన్ లెవెన్‌క్రాన్ అనే చికిత్సకుడి దగ్గరకు వెళ్లి నెలల తరబడి అక్కడే ఉన్నారు. మధ్యలో ఏప్రిల్‌లో ఇంటికి వచ్చినప్పుడు 'నౌ' అనే పాట పాడారు. అదే ఆమె చివరి రికార్డింగు. దేహం శుష్కించినా గొంతులో నీరసం వినిపించదు.

సెప్టెంబరులో గుండె లయ తప్పుతుండగా ఆమె ఆస్పత్రిలో చేరవలసి వచ్చింది. సెలైను ద్వారా పోషకాహారం ఎక్కించగా బరువు పెరిగారు. నవంబరులో కాలిఫోర్నియా తిరిగి వచ్చారు. డిసెంబరులో ఒక పాఠశాలలో పిల్లల కోసం క్రిస్మస్ పాటలు పాడారు. జనవరి 11న గ్రామీ విజేతల సమావేశంలో ఉత్సాహంగా కనిపించారు. ఏళ్ల తరబడి ఆకలితో బలహీనపడిన గుండెకు ఆ కోలుకోవడం సరిపోలేదు. ఫిబ్రవరి 4 ఉదయం డౌనీలోని తల్లిదండ్రుల ఇంట్లో ఆమె కుప్పకూలారు. విడాకుల పత్రాల మీద సంతకం చేయవలసిన రోజు అది. శవపరీక్ష నివేదిక గుండె ఆగిపోవడానికి మూలం అనొరెక్సియా అని తేల్చింది.

ఆ వార్తతో అమెరికా పత్రికలు, టీవీలు ఆ వ్యాధి గురించి బాహాటంగా మాట్లాడటం మొదలుపెట్టాయి. తమ ఇళ్లలో మౌనంగా సాగుతున్నదానికి ఒక పేరుందని ఎన్నో కుటుంబాలు గుర్తించాయి. ఒకప్పుడు ముఖం చిట్లించిన రాక్ ప్రపంచం కూడా నెమ్మదిగా ఆమె వైపు తిరిగింది. 1994లో ప్రత్యామ్నాయ రాక్ బృందాలు ఆమె పాటలతో ఒక నివాళి ఆల్బం తెచ్చాయి. అందులో సోనిక్ యూత్ బృందం పాడింది 'సూపర్‌స్టార్'. 1995లో జపాన్‌లో ఒక టీవీ నాటకం ముగింపు గీతంగా 'ఐ నీడ్ టు బీ ఇన్ లవ్' వినిపించి, ఆమె మరణం తర్వాత పుట్టిన పిల్లల చేత లక్షలాది రికార్డులు కొనిపించింది.

న్యూయార్క్ ఆల్బం 1996 అక్టోబరులో, ఆమె పోయిన 13 ఏళ్లకు, ఆమె పేరుతోనే విడుదలైంది. దానిని ఆమె అన్నకే అంకితమిచ్చారు. ఆ అంకితవాక్యాన్ని అలాగే ఉంచారు. 2018లో రిచర్డ్ లండన్‌లో రాయల్ ఫిల్హార్మొనిక్ వాద్యబృందాన్ని స్వయంగా నడిపిస్తూ పాత టేపులలోని కారెన్ గొంతు చుట్టూ కొత్త తంత్రీవాద్యాలు అల్లి మరొక ఆల్బం చేశారు. అందులో 'యస్టర్‌డే వన్స్ మోర్' ఉంది. 1973లో ఆ పాటకు డ్రమ్ములు వాయించింది కారెనే.